బ్యాంకాక్ బజారుకు వెళ్లేవారికి

సంపాదకులకు నమస్కారం.

సెలవులకు బ్యాంకాక్ వెళ్లే మనవాళ్లు టాక్సీల దగ్గరే ఎక్కువగా మోసపోతున్నారు. ఎక్కగానే మీటరు వేయమనండి. మామూలు కారైతే 35 బాట్లతో (బాట్ అక్కడి డబ్బు) మొదలవుతుంది. డ్రైవరు గుత్తగా ఇంతని అడిగితే దిగిపోవడమే మేలు. సాయంత్రం సుఖుంవిట్ రోడ్డు కదలదు, రోడ్ల పైన వంతెనల మీద నడిచే బీటీఎస్ రైలే నయం. దానిలో వాడే రాబిట్ అనే ప్రీపెయిడ్ కార్డు భూగర్భ రైలు ఎంఆర్‌టీలో చెల్లదు, టికెట్ వేరుగా కొనాలి.

చతుచక్ సంత శని, ఆదివారాల్లోనే పూర్తిగా తెరుస్తారు. బీటీఎస్ మో చిట్ స్టేషన్‌లో దిగి, ఎండ ముదరకముందే చేరండి. నచ్చిన దుకాణం ముందు సెక్షన్, సోయి (సందు) నంబర్లు ఫొటో తీసుకోండి. వేల కొట్ల మధ్య అది మళ్లీ దొరకడం కష్టం. బట్టల బజారైన ప్రతూనంలో బట్టలు మూడు కలిపి తీసుకుంటే చాలా కొట్లలో టోకు ధర ఇస్తారు. పన్ను వాపసు ఫారం మాత్రం కొన్న రోజే, పాస్‌పోర్టు చూపించి, అదే దుకాణంలో రాయించుకోవాలి.

– ఒక పాఠకుడు, విజయవాడ