సిప్రి ఎవడ్రా అని అడిగావు కదా!

హైదరాబాద్,
ఆదివారం పొద్దున

ఒరేయ్ సుబ్బూ,

మొన్న ఫోన్‌లో పేపర్ తిరగేస్తూ "ఆయుధాల దిగుమతుల్లో మనం ముందు వరసలో ఉన్నామని ఏటా ఎవడో సిప్రి చెప్తాడు, వాడెవడ్రా అసలు?" అన్నావు. నవ్వొచ్చింది గానీ జవాబు రాలేదు. స్టాక్‌హోమ్‌లో ఏదో సంస్థ అని గొణిగి ఊరుకున్నాను. పూర్తి పేరు స్టాక్‌హోమ్ ఇంటర్నేషనల్ పీస్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్, ఆ పొడి అక్షరాలే సిప్రి. ముప్ఫై మూడేళ్ళు ఆడిట్‌లో చేసినవాణ్ణి, లెక్క రాసింది ఎవరో తెలీకుండా లెక్క ఎలా ఒప్పుకుంటాను చెప్పు? వారం రోజులుగా అదే పని. మీ చెల్లెమ్మ "రిటైరైతే ఇంటిపట్టున ఉంటారనుకున్నా, ఇప్పుడు స్వీడన్‌లో ఉంటున్నారు" అని సణుగుతోంది.

సంస్థ కోసం వెతికితే ఒకావిడ దొరికింది. పేరు ఆల్వా మిర్డాల్. ఇంటిపేరు వినగానే నీకు మన గ్రూప్ వన్ రోజులు గుర్తు రావాలి. కిరసనాయిలు స్టవ్ మీద అన్నం పెట్టి, "ఏషియన్ డ్రామా గ్రంథకర్త? గున్నార్ మిర్డాల్" అని ఒకరికొకరు అప్పజెప్పుకోలేదూ? మనది మెతక రాజ్యం, చట్టాలు చేస్తుంది గానీ గట్టిగా అమలు చెయ్యదు అన్న పెద్దమనిషి. ఈవిడ ఆయన భార్య. ఆయనకి 1974లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వస్తే, ఈవిడకి 1982లో శాంతి బహుమతి వచ్చింది. మనకి ఆయన మీద బిట్టు ఇచ్చారు గానీ ఆవిడ మీద ఒక్కటీ ఇవ్వలేదు.

ఆవిడ 1902లో ఉప్సలాలో పుట్టింది. పెరిగిన ఊళ్ళో ఆడపిల్లలకి పై చదువుల బడి లేదు. కొన్నాళ్ళు ఆఫీసులో చిన్న ఉద్యోగం చేసుకుంటూ, నాన్న వెంటపడి ఆడపిల్లల కోసం విడిగా తరగతులు పెట్టించుకుంది. 1919 వేసవిలో సైకిళ్ళ మీద ఊళ్ళు తిరుగుతున్న కుర్రాళ్ళు కొందరు వాళ్ళ నాన్న గడ్డివాములో పడుకుంటామని వచ్చారు. అందులో ఒకడు గున్నార్. తర్వాతి కథ నువ్వు ఊహించుకోగలవు. 1924లో పెళ్ళి.

తర్వాత పాతికేళ్ళు ఆవిడ చేసిందంతా ఇంటి దగ్గరి రాజకీయమే. పిల్లల బడులు, ఉద్యోగం చేసే ఆడవాళ్ళ హక్కులు, ఇళ్ళ కొరత. 1935లో స్టాక్‌హోమ్‌లో ఒక ఆర్కిటెక్ట్‌తో కలిసి ఆవిడ ఆలోచించిన అపార్టుమెంట్ లేచింది. కింద అందరికీ కలిపి ఒకే వంటిల్లు. భోజనం చిన్న లిఫ్టులో ఎవరి ఫ్లాట్‌కి వాళ్ళకి పైకి వెళ్తుంది. ఇది చదివి వినిపిస్తే మీ చెల్లెమ్మ మొదటిసారి నా పరిశోధనని మెచ్చుకుంది.

విదేశాంగం మాటకొస్తే, అది మొదలయ్యేసరికి ఆవిడకి 47 ఏళ్ళు. 1949లో ఐక్యరాజ్యసమితి సాంఘిక వ్యవహారాల విభాగానికి పెద్దగా న్యూయార్క్ వెళ్ళింది, మరుసటేడు పారిస్‌లో యునెస్కోకి. 1955లో స్వీడన్ ఆవిడని ఢిల్లీ పంపింది. ఆ దేశం తరఫున రాయబారి అయిన తొలి మహిళ ఆవిడే. మనతోపాటు బర్మా, సిలోను, నేపాల్ కూడా ఆవిడ పద్దులోనే. ఆరేళ్ళు ఇక్కడే ఉంది, నెహ్రూతో మంచి స్నేహం. గున్నార్ కూడా ఢిల్లీ వచ్చి చేరాడు. మనం బట్టీ కొట్టిన ఆ మూడు సంపుటాల ఉద్గ్రంథం పని అలా మొదలైంది. భార్యకి బదిలీ అయితే భర్త సామాను సర్దుకుని రావడం, అదీ ఆ రోజుల్లో! మన డిపార్టుమెంట్‌లో ఒక్కణ్ణి చూపించు.

ఇప్పుడు అసలు సంగతి. 1961లో ఆవిడ స్వదేశం తిరిగొస్తే, అప్పటి విదేశాంగ మంత్రి ఓస్టెన్ ఉండేన్ ఐక్యరాజ్యసమితిలో నిరాయుధీకరణ మీద తను చేయబోయే ప్రసంగానికి సాయం చెయ్యమన్నాడు. అంతవరకూ ఆవిడకి బాంబుల సంగతి పెద్దగా పట్టలేదు. కూర్చుని నేర్చుకుంది. మరుసటేడు పార్లమెంటు సభ్యురాలైంది, జెనీవాలో కొత్తగా మొదలైన 18 దేశాల నిరాయుధీకరణ కమిటీకి స్వీడన్ బృందాన్ని తీసుకెళ్ళింది. అమెరికా వైపు ఐదుగురు, రష్యా వైపు ఐదుగురు, ఎటూ కానివాళ్ళు ఎనిమిది మంది. ఆ ఎనిమిదిలో మనమూ ఉన్నాం. అమెరికా వైపు ఫ్రాన్స్ కుర్చీ మాత్రం ఖాళీ, వాళ్ళు అసలు రానేలేదు.

అక్కడ నడిచిన పేచీ వింటే నీకు మన పాత ఫైళ్ళు గుర్తొస్తాయి. 1963లో గాలిలో, నీళ్ళలో, అంతరిక్షంలో అణుపరీక్షలు చెయ్యకూడదని ఒప్పందం కుదిరింది. భూమి లోపల చేసేవాటిని వదిలేశారు. ఎందుకయ్యా అంటే, అక్కడ పేలింది బాంబో వచ్చింది భూకంపమో తెలియదట, వెళ్ళి చూడాలట. ఏటా ఏడుసార్లు చూడనివ్వాలని అమెరికా, మూడుకి మించి కుదరదని రష్యా. ఏడుకీ మూడుకీ మధ్య ప్రపంచం ఆగిపోయింది! "రికార్డు ట్రేస్ కాలేదు" అని రాసిచ్చే గుమాస్తాకీ వీళ్ళకీ తేడా ఏముందిరా? రికార్డు దొరక్కపోవడమే ఇద్దరికీ హాయి.

ఆల్వా చేసింది మంచి ఆడిటర్ చేసే పని. నీతులు చెప్పలేదు, వాళ్ళ అబ్జెక్షన్‌నే పట్టుకుంది. భూకంపాలు కొలిచే యంత్రాలున్న దేశాలన్నీ తమ లెక్కలు ఒకరికొకరు ఇచ్చుకుంటే ఎక్కడ ఏది పేలిందో ఇంట్లో కూర్చునే చెప్పొచ్చు కదా అంది. ఊరికే అనడం కాదు, 1960ల చివర్లో స్వీడన్ తన అడవుల మధ్య హాగ్‌ఫోర్స్‌లో సొంత కేంద్రం కట్టి చూపించింది. అగ్రరాజ్యాలు తేలు కుట్టిన దొంగల్లా ఉండిపోయాయి. తర్వాత స్వీడన్ ప్రతిపాదన మీదే 1976లో జెనీవాలో శాస్త్రవేత్తల బృందం ఒకటి ఏర్పడి ఏళ్ళ తరబడి ఆ లెక్కల పనే చేసింది. 1996లో సంతకాలకి పెట్టిన సమగ్ర అణుపరీక్షల నిషేధ ఒప్పందానికి ప్రపంచమంతా యంత్రాలు పెట్టారే, వాటికి పునాది అక్కడుంది. మనం ఆ ఒప్పందం మీద సంతకం పెట్టలేదనుకో, అది వేరే ఉత్తరం.

స్వీడన్ మాత్రం పత్తిత్తా అంటావు, నాకు తెలుసు. కాదు. 1950లలో వాళ్ళ సైన్యం సొంత బాంబు కావాలని పట్టుబట్టింది, దానికి తగ్గ పరిశోధన కూడా సాగింది. పాలకపక్షమే రెండుగా చీలింది. చివరికి 1968లో అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందం మీద సంతకం పెట్టి ఆ దారి మూసుకున్నారు. చేసే స్తోమతు ఉండీ మానుకున్న దేశం కాబట్టే ఆల్వా మాటకి అంత బరువు.

1967లో 64 ఏళ్ళ వయసులో ఆవిడ మంత్రి అయింది, శాఖ నిరాయుధీకరణ. రెండేళ్ళకి దానికి చర్చి వ్యవహారాలు కూడా తగిలించారు. ఈ రెండూ ఒకే బల్ల మీదకి ఎలా వచ్చాయో వాళ్ళ ప్రధానినే అడగాలి.

ఇక నీ సిప్రి. 1814 తర్వాత స్వీడన్ ఏ యుద్ధంలోనూ దిగలేదు. ఆ 150 ఏళ్ళ శాంతికి గుర్తుగా ఒక పరిశోధన సంస్థ పెడదామని 1964లో ప్రధాని ఎర్లాండర్ అన్నాడు. ఎలా ఉండాలో తేల్చే కమిటీకి ఆల్వా అధ్యక్షురాలు. 1966 జులై 1న మొదలైంది. తొలి పాలకమండలికి పెద్ద ఆవిడే, ఆవిడ మంత్రి అయ్యాక ఆ కుర్చీలోకి గున్నార్ వచ్చాడు. గూఢచారులు లేరు, రహస్య కాగితాలు లేవు. అందరికీ దొరికే సమాచారాన్నే పోగేసి, సరిచూసి, ఎవడు ఎవడికి ఏం అమ్మాడో రాస్తారు. ప్రపంచానికి స్టాక్ రిజిస్టర్ అన్నమాట.

నువ్వు అప్పుడే బోఫోర్స్ ఫిరంగుల ముడుపుల గొడవ అని గొంతు సవరించుకుంటున్నావు కదూ? నీ కోసమే ఈ ముక్క ఆపి ఉంచా. ఆల్వా 1986 ఫిబ్రవరి 1న పోయింది, 84వ పుట్టినరోజు మర్నాడు. అదే నెల 28న ప్రధాని పాల్మేని వీధిలో కాల్చేశారు. మార్చిలో మన ప్రభుత్వం బోఫోర్స్ కంపెనీతో 410 ఫిరంగులకి ఒప్పందం రాసుకుంది. ఆ కంపెనీ ఒకప్పుడు ఆల్ఫ్రెడ్ నోబెల్‌ది! శాంతి బహుమతి, ఫిరంగి, ఆయుధాల లెక్క రాసే సంస్థ, మూడూ ఒక్క దేశం సరుకే. నాకు ఇందులో కుట్రేమీ కనపడదు. అమ్మేవాడి ఊళ్ళోనే లెక్క అడిగేవాడు కూడా ఉండటం నయమే కదా.

ఆవిడ కథలో నాకు మింగుడుపడనివి రెండున్నాయి. జనాభా మీద 1934లో భార్యాభర్తలు కలిసి రాసిన పుస్తకంలో, పిల్లల్ని పెంచలేరనిపించినవాళ్ళకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చెయ్యడాన్ని సమర్థించారు. ఆ ఏడే చట్టం వచ్చింది. 1975 దాకా సుమారు 63,000 మందికి చేశారు, బలవంతాన చేసినవీ చాలా ఉన్నాయి. మనం ఎమర్జెన్సీ చూసినవాళ్ళం, దీన్ని చిన్న పొరపాటు అనలేం.

రెండోది కొడుకు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఆవిడ రచ్చ గెలిచింది. 1929లో దంపతులు అమెరికా వెళ్తూ రెండేళ్ళ జాన్‌ని తాతానాయనమ్మల దగ్గర వదిలేశారు. ఆ పిల్లాడు పెద్ద రచయితై, సరిగ్గా 1982లో, తల్లి ఓస్లోలో బహుమతి అందుకున్న ఏడే, తన చిన్నతనం మీద తల్లిదండ్రుల్ని కడిగేస్తూ పుస్తకం వేశాడు. ఈ జాన్ మిర్డాల్ ఎవరనుకున్నావు? 2010లో దండకారణ్యం వెళ్ళి మన కరీంనగర్ గణపతిని, అప్పటి మావోయిస్టు పార్టీ అధినేతని, ఇంటర్వ్యూ చేసినాయన! తల్లి తుపాకులు తగ్గించమని జీవితాంతం తిరిగితే, కొడుకు తుపాకులు పట్టినవాళ్ళని వెతుక్కుంటూ మన అడవులకొచ్చాడు. 2020లో పోయాడు.

చివరి రోజుల్లో ఆల్వాకి మాట పడిపోయిందట. అక్కడ చదవడం ఆపి లేచి కాసేపు బాల్కనీలో నిలబడ్డాను.

మోకాలి నొప్పి ఎలా ఉంది? ఆ ఆయుర్వేదం ఆపి ఎక్స్‌రే తీయించుకో. సిప్రి దిగుమతుల లెక్క మార్చిలో వస్తుంది. ఈసారి పేపర్‌లో చూడగానే నాకే ఫోన్ చెయ్యి, అంకెలు నేను ముందే సరిచూసి ఉంచుతా.

నీ
మూర్తి