స్టేషన్ గేటు దగ్గర మాకు ధైర్యమిచ్చిన పెద్దాయనకు

అయ్యా, ఆ గాభరాలో మీ పేరు కూడా అడగలేకపోయాం. ఎఫ్‌ఐఆర్‌లో పేరైనా లేని మా తమ్ముణ్ని దొంగతనం కేసంటూ పట్టుకెళ్లి లోపల కూర్చోబెట్టారు. ఎందుకని అడిగితే "పొద్దున రాండి" అన్నారు. గాజులు తాకట్టు పెట్టయినా ఎవరికో ఒకరికి డబ్బు ముట్టజెప్పుదామని అమ్మ ఏడుస్తోంది. అప్పుడే మీరు టీ కొట్టు బల్ల మీంచి లేచొచ్చి, "రూపాయి ఇవ్వొద్దమ్మా, ముందు టైము రాసి పెట్టండి" అన్నారు.

ఆ మాటే మమ్మల్ని నిలబెట్టింది. మేజిస్ట్రేటు ముందుకు తేవాల్సిన 24 గంటల గడువును వాళ్లు కాగితం మీద అరెస్టు చూపించిన వేళ నుంచి లెక్కేస్తారని, అసలు తీసుకెళ్లిన వేళ మన రాతలో ముందే పైవాళ్లకు చేరాలని మీరు చెప్పేదాకా మాకు తెలీదు. ఎస్పీకి, మేజిస్ట్రేటుకు అర్జీలు దగ్గరుండి రాయించారు. అరెస్టు మెమో మీద, అంటే అరెస్టు చేసేటప్పుడు పోలీసులు రాసే కాగితం మీద, ఇంటివాళ్లదో ఊళ్లో పెద్దమనిషిదో సాక్షి సంతకం ఉండాలని 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు చెప్పిందన్నారు. ప్రతి స్టేషన్లో సీసీటీవీ పెట్టాలని 2020లో అదే కోర్టు ఆదేశించింది కాబట్టి, ఆ రికార్డు భద్రపరచమని కూడా రాయమన్నారు. కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం ఉంటుందని, ఆ సాయం అడిగే హెల్ప్‌లైన్ 15100కి మీరే ఫోన్ కలిపిచ్చారు.

మేజిస్ట్రేటు అర్జీ చూసి రిమాండు ఇవ్వలేదు. తమ్ముడు ఇంట్లో ఉన్నాడు. స్టేషన్లో వాణ్ని కొట్టినందుకు పోలీసుల మీద పెట్టిన ఫిర్యాదు నడుస్తోంది. వెనక్కి తీసుకోమని కబుర్లొస్తున్నా తీసుకోం. అమ్మ మీకు దణ్ణం చెప్పమంది.