ఫొటో ఒక ఐరిస్‌ది, పెంపకం ఇంకో ఐరిస్‌ది

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న మీ తోటల పేజీలో ఐరిస్ పూల గురించి వేశారు, ఫొటో చాలా బాగుంది, కాకపోతే ఫొటోలో ఉన్న మొక్క ఒకటి, కింద రాసిన పెంపకం ఇంకో మొక్కది. దుంప సగం పైకి కనబడేలా నాటాలి, దుంపకి ఎండ తగలాలి, నీళ్లు బాగా తగ్గించాలి అన్నారు కదా, అదంతా గడ్డం ఐరిస్‌కి, అంటే కింది రేకుల మీద బొచ్చు పట్టీ ఉండే రకానికి. మీరు వేసిన ఫొటో మాత్రం పళ్లెంలా పరుచుకున్న రేకుల జపనీస్ ఐరిస్‌ది, ఐరిస్ ఎన్సాటా అంటారు. దానికి ఈ వైద్యం చేస్తే ఎండిపోతుందండీ.

నాకెలా తెలుసంటే నేను చేశాను కాబట్టి. ఇలాంటి సలహానే ఎక్కడో చదివి మూడు మొక్కలు పైపైన నాటా, వారానికోసారి నీళ్లు, అది చాలదన్నట్టు పూలు బాగా వస్తాయని పిడికెడు కట్టెల బూడిద కూడా చల్లా. ఇరవై రోజులకి ఆకుల్లో ఈనెలు పచ్చగానే ఉన్నాయి, మధ్యలో మాత్రం పసుపు చారలు. నేనేమో తిండి చాల్లేదేమో అనుకుని ఇంకాస్త బూడిద వేశా, నా తెలివి అట్లా ఏడ్చింది. బూడిద, సున్నం, బోన్ మీల్ అంటే ఎముకల పొడి, ఇవేవీ ఈ మొక్కకి పడవు, మట్టి కాస్త పులుపు గుణంతో ఉండాలి, ఆ పులుపుని కొలిచే పీహెచ్ అంకె 5.5 నుంచి 6.5 మధ్యలో, ఆ అంకె పెరిగి పులుపు తగ్గిపోతే మట్టిలో ఇనుము ఉన్నా వేళ్లు తీసుకోలేవు, ఆ పసుపు అందుకే. మూడిట్లో ఒకటే మిగిలింది.

మిగిలిన ఆ ఒక్కదాన్ని చిల్లులున్న కుండీలోకి మార్చి, కుండీని తీసుకెళ్లి రెండంగుళాల నీళ్లున్న టబ్‌లో కూర్చోబెట్టా. బాగా చివికిన ఆకు ఎరువు కలిపిన మట్టి, మొదలు రెండంగుళాలు లోపలికి, పైన చిన్న గులకరాళ్లు, లేకపోతే నీళ్లు పోసినప్పుడల్లా మట్టి తేలి వచ్చేస్తుంది. రోజుకి ఆరుగంటల ఎండ. కొత్తగా నాటిన ఏడాది రసాయన ఎరువు జోలికి పోలేదు. పూలు అయిపోయి ఆకులు వాడిపోయాక మాత్రం టబ్‌లోంచి తీసేయాలి, ఎందుకంటే ఎన్సాటాకి పెరిగే రోజుల్లో ఎంత తడైనా ఇష్టమే గానీ నిద్రపోయే రోజుల్లో నీళ్లల్లో నానబెడితే మొదలు కుళ్లిపోతుంది, అప్పుడు మట్టి తడిగా ఉంటే చాలు.

ఇంకో విచిత్రం చెప్పాలి, రెండో ఏడాది చూస్తే మొక్క మట్టిలోంచి లేచి కూర్చుంది! ఎవరో పీకారనుకున్నా. అదేం కాదు, ఏటేటా కొత్త వేళ్లు పాతవాటి పైన పుడతాయి, అందుకే గుబురు మెల్లగా పైకొచ్చేస్తుంది. మూడు నాలుగేళ్లకోసారి పూలయ్యాక తవ్వి, విడగొట్టి, ఆకులు మూడో వంతుకి కత్తిరించి మళ్లీ లోతుగా నాటాలి, మధ్యలో వేళ్లు ఆరనివ్వకూడదు, నేనైతే బకెట్ నీళ్లల్లోనే పెట్టి పని చేసుకుంటా. గ్లోవ్స్ వేసుకోండి, రసం తగిలితే కొందరికి దురద, దుంప నోట్లోకి పోతే కడుపు పాడవుతుంది, ఇంట్లో కుక్కపిల్లలుంటే మరీ జాగ్రత్త.

ఏడాది పొడుగునా నీళ్లల్లోనే ఉంచాలంటే ఎన్సాటా కాదు, ఐరిస్ లేవిగాటా కావాలి. రెండూ చూడ్డానికి అక్కచెల్లెళ్లే. ఆకుని రెండు వేళ్ల మధ్య పట్టుకుని అడ్డంగా రుద్దండి, మధ్య ఈనె ఉబ్బుగా తగిలితే ఎన్సాటా, నున్నగా జారిపోతే లేవిగాటా, పేరుకి అర్థమే నునుపు అని. ఎండలు ముదిరే చోట లూసియానా ఐరిస్‌లు మేలు, అమెరికా దక్షిణాన బురద నేలల్లో పుట్టినవి, వేడీ తడీ రెండూ తట్టుకుంటాయి. సైబీరియన్ రకాలకి తడి నేల చాలు, నిలవ నీళ్లు వద్దు.

పసుపు పూల ఐరిస్, సూడాకోరస్, దాని సంగతి మీరు అసలు ఎత్తలేదు, ఎత్తాల్సింది. ఆ పేరుకి దొంగ వస అని అర్థం, ఆకులు అచ్చం వస ఆకుల్లాగే ఉంటాయి, నలిపి చూస్తే మాత్రం వస వాసన రాదు. పెంచడం చాలా సులువు, చిక్కు కూడా అదే. విత్తనాలు నీళ్ల మీద తేలుకుంటూ పోయి ఎక్కడపడితే అక్కడ మొలుస్తాయి, యూరప్ నుంచి పోయిన ఈ మొక్క అమెరికాలో చెరువుల అంచులు ఆక్రమించేసింది, కొన్ని రాష్ట్రాల్లో అమ్మడమే నిషేధం. టబ్‌లో పెంచుకోండి, కాయలు ఎండకముందే కోసేయండి, కాలవ గట్టున మాత్రం పెట్టొద్దు.

ఐరిస్‌లో మూడొందల దాకా జాతులున్నాయి అంటారు, అన్నిటికీ ఒకే పద్ధతి రాస్తే ఎలా చెప్పండి. వచ్చే వారం చిన్న సవరణ వేయండి, ఆ ఫొటో కింద ఎన్సాటా అని పేరు రాసి, దుంప రెండంగుళాలు లోపల పెట్టాలి, బూడిద వేయొద్దు అని రెండు లైన్లు చాలు. ఆ వ్యాసం చూసి ఈపాటికే పైపైన నాటినవాళ్లు ఉంటే ఇప్పుడే తవ్వి లోతుగా పెట్టుకోవచ్చు, వేళ్లు తెల్లగా ఉంటే బతుకుతుంది.

ఇట్లు,
మీ పేజీ ప్రతి వారం చదివే పాఠకురాలు