ఇంజన్ బోరు పని అయ్యాక బయటి సామాను బిగింపును ఎవరు చూస్తున్నారు?

సంపాదకులకు,

అయ్యా,

తిరుమల ఘాట్ రోడ్డులో దిగుతూ ఏదైనా వాహనం అదుపు తప్పిందన్న వార్త వచ్చినప్పుడల్లా డ్రైవరు నిద్రనూ, వేగాన్నీ, అరిగిన బ్రేకులనూ తప్పుపట్టడం మనకు అలవాటైంది. అవి నిజమే కావచ్చు గాని, ఇంజన్ దించి బోరు (అరిగిన సిలిండర్లను సరిచేసే పని) చేయించుకొని వచ్చిన పాత డీజిల్ బండ్ల విషయంలో ఎవరూ పట్టించుకోని కారణం మరొకటి ఉంది. పిస్టన్లు, లైనర్లు, బేరింగుల పని ముగిశాక బ్యాటరీకి కరెంటునిచ్చే డైనమో, ఇంజన్‌ను చల్లబరిచే నీటిని తిప్పే వాటర్ పంపు, స్టీరింగు పంపు వంటి బయటి సామానును బ్రాకెట్లతో, పుల్లీలతో తిరిగి బిగించే తీరు గురించే ఈ లేఖ.

యాత్రికులను కొండకు చేర్చే జీపులు నాకు రెండున్నాయి. నిరుడు ఒకదానికి బోరు చేయించాను. ఆ షెడ్డు పేరు ఇక్కడ అనవసరం. లోపలి పనికి వంక పెట్టడానికి లేదు. బండి తెచ్చుకున్న నాలుగో రోజు నుంచి పొద్దున్నే స్టార్టు చేయగానే ఈ సామానును తిప్పే బెల్టు కీచుమనేది. కొత్త బెల్టు కదా, సర్దుకుంటుందని డ్రైవరు అన్నాడు, నేనూ సరేనన్నాను. పదకొండో రోజున మొదటి ఘాట్ రోడ్డులో దిగుతుండగా అది తెగింది. ఈ రకం బండ్లలో బ్రేకుకు సాయపడే వాక్యూమ్ పంపు డైనమో వెనకే అమర్చి ఉంటుందనీ, డైనమో ఆగితే అదీ ఆగుతుందనీ చాలామంది యజమానులకు తెలియదు. అప్పటిదాకా నాకూ తెలియదు. పెడలు తొక్కుడుకు బలమిచ్చే బూస్టరులో మిగిలిన వాక్యూమ్ రెండు మూడుసార్లు తొక్కేసరికి అయిపోయి, పెడలు రాయిలా బిగుసుకుపోయింది. రెండో గేరులో నెమ్మదిగా దిగుతున్నాడు గనుక డ్రైవరు బలమంతా పెట్టి తొక్కి, హ్యాండ్ బ్రేకు లాగి, గోడ వారన బండిని ఆపగలిగాడు.

తెగిన బెల్టు ఒక అంచు పీచులు పీచులుగా లేచిపోయి ఉంది. బానెట్ కిందంతా నల్లటి పొడి. బెల్టును తిప్పే క్రాంకు పుల్లీ, వాటర్ పంపు పుల్లీ ఒకే వరసలో ఉండగా, డైనమో పుల్లీ మాత్రం మూడు నాలుగు మిల్లీమీటర్లు లోపలికి కూర్చుంది. డైనమోను బోల్టుతో బిగించే చెవికీ బ్రాకెట్టుకూ మధ్య ఉండవలసిన మందపాటి వాషరు ఊడదీసిన రోజునే ఎక్కడో పోయి ఉండాలి. అంతకంటే నన్ను భయపెట్టింది, పొట్టి బోల్టు చోట పొడుగు బోల్టు ఎక్కించడం. అలాంటి బోల్టు మొన రంధ్రం అడుక్కి తగిలి ఆగిపోతుంది; స్పానరు పట్టిన చేతికి బిగిసినట్టే తోస్తుంది గాని బ్రాకెట్టు వదులుగానే ఉంటుంది, ఇంకా బలవంతం చేస్తే థ్రెడ్డు పోతుంది లేదా బ్లాకే పగులుతుంది. ఇంజన్ కొత్తదానిలా మెరవాలని బ్రాకెట్టు ఆనే ముఖం మీద కూడా మందంగా రంగు పూస్తున్నారు. వేడికీ అదురుకూ ఆ పొర నలిగితే బోల్టు పట్టు సడలుతుంది. క్రాంకు పుల్లీని సుత్తితో కొట్టి ఎక్కించే అలవాటు మరీ చెడ్డది. అదురు తగ్గించే రబ్బరు వలయం ఉన్న పుల్లీలయితే ఆ దెబ్బలకు రబ్బరు కదిలి, తిరిగేటప్పుడు ఊగుతాయి. ఇక కీచుమనే బెల్టుకు సబ్బు రుద్ది పంపించేవారిని కూడా చూశాను, అది జ్వరం చూసే థర్మామీటరును పగలగొట్టడమే.

నిజానికి షెడ్లలో బోరు కొలతలు, రింగుల సందు, హెడ్డు బిగింపు మేస్త్రీ దగ్గరుండి చూసుకుంటాడు. బయటి సామాను మాత్రం నిన్నగాక మొన్న పనికి వచ్చిన కుర్రాడి పాలవుతుంది. అందులో మా యజమానుల తప్పూ ఉంది. బ్రహ్మోత్సవాలు దగ్గర పడుతున్నాయంటే బండి రేపటికల్లా కావాలని మేస్త్రీ మెడ మీద కూర్చుంటాం. ఇది కొండ దిగే జీపుల సంగతి మాత్రమే కాదు. మొగిలి ఘాట్‌లో మామిడి లోడుతో వెళ్లే బండిలో బెల్టు జారి వాటర్ పంపు నెమ్మదిస్తే, ఇంజన్ వేడెక్కి, వేలు పోసి వేయించిన హెడ్డు గ్యాస్కెట్ ఆ ఎత్తు మీదే కాలిపోవచ్చు.

ఊడదీసేటప్పుడే ఫోను తీసి నాలుగు ఫోటోలు తీయడం, ఏ బ్రాకెట్టు బోల్టులను దానికే గుచ్చి ఉంచడం ఏ షెడ్డుకూ భారం కాదు. అన్ని బోల్టులనూ ముందు చేత్తో తిప్పి, ఆపైన స్పానరు వేసి, పుల్లీల ముఖాల మీద వంకర లేని బద్ద ఆనించి చూస్తే వంకర ఇట్టే బయటపడుతుంది. కొత్త బెల్టు మొదట్లో కాస్త సాగుతుంది కాబట్టి కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక బండిని మళ్లీ పిలిపించి బిగువు సరిచేయాలి. మన ఐటీఐలలో డీజిల్ మెకానిక్ విద్యార్థులచేత ఈ పనిని ప్రత్యేకంగా సాధన చేయించాలనీ, షెడ్ల యజమానులు బిల్లులో దీనికి వేరే పద్దు రాసి, బిగించిన వారి సంతకం పెట్టించాలనీ కోరుతున్నాను. ఆ గంటా రెండు గంటల కూలి ఎంతైనా ఇవ్వడానికి నేను సిద్ధం. ఈ నెలలోనే నా రెండో జీపు ఇంజన్ కూడా దించవలసి ఉంది.

ఇట్లు,
ఒక జీపు యజమాని,
తిరుపతి