మెడ పట్టిన కథ

బ్రాడీపేట, గుంటూరు

ఒరేయ్ శీనూ,

ఫోన్ ఎత్తడం లేదని తిట్టుకుంటున్నావట. అసలు తలే ఎత్తలేకపోయాన్రా, ఫోన్ ఏం ఎత్తను? మిర్చి సీజన్‌లో మా కమీషన్ కొట్లో పద్దులన్నీ నా నెత్తినే కదా. పగలు కంప్యూటరు, రాత్రి మంచం మీద ఫోను. మార్చి నెలాఖరులో ఓ పొద్దున లేచి చూస్తే మెడ ఎడమవైపుకి తిరగనంది. బండి మీద అరండల్‌పేటలో మలుపు తిరగాలంటే మెడ బదులు మనిషినంతా తిప్పాల్సొచ్చేది.

అమ్మేమో దిండు మార్చమంది. యార్డులో హమాలీ మేస్త్రి "మెడ పట్టేంత బరువు మీరేం మోశారు సార్?" అని ఒకటే నవ్వు. అతను రోజూ 40 కిలోల టిక్కీలు, అదే మిర్చి బస్తాలు, మోసే మనిషి మరి. నాకూ ఉడుకొచ్చి, ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పిన లెక్క ఒప్పజెప్పా. నిటారుగా ఉంటే తల బరువు సుమారు 5 కిలోలే. కెన్నెత్ హన్స్‌రాజ్ అని అమెరికాలో ఒక వెన్నెముక సర్జన్ 2014లో కంప్యూటర్ నమూనాతో లెక్కకట్టాడట. తల 15 డిగ్రీలు వంచితే మెడ మీద 12 కిలోల భారం, 60 డిగ్రీలు వంచితే 27. ఒళ్లో ఫోన్ పెట్టుకుని చూస్తామే, ఇంచుమించు ఆ వంపే. మేస్త్రి విని, "అర టిక్కీ పైనేనన్నమాట. కానీ నేను దింపేస్తా గదా సార్, మీరు దింపరు" అన్నాడు. ఆ అమ్మాయి అరగంట చెప్పింది ఇతను ఒక్క ముక్కలో తేల్చేశాడు!

అప్పట్నుంచి నీళ్ల కూజా గదికి ఆ చివర పెట్టించా. దాహమేస్తే లేవక తప్పదు.

అసలు తమాషా వేరే ఉంది. స్క్రీన్ పైఅంచు కంటి ఎత్తులో ఉండాలన్నారని మానిటర్ కింద రెండు పాత పద్దుల పుస్తకాలు పెట్టా. నొప్పి ఇంకా ఎక్కువైంది! ఎందుకో చెప్పనా? చత్వారం కళ్లజోడు. దగ్గరివి కనపడేది అద్దం కింది భాగంలోంచి కదా, అందుకని తెలీకుండానే గడ్డం పైకెత్తి చూస్తున్నా. పుస్తకాలు తీసేసి, కంప్యూటర్ దూరానికి విడిగా ఒక జోడు చేయించుకున్నాక గానీ దారికి రాలేదు. నీకూ చత్వారం వచ్చిందన్నావుగా, చూసుకో.

నువ్వు సత్యనారాయణపురం ఇంట్లో సోఫాలో కూలబడి ల్యాప్‌టాప్‌ని ఒళ్లో పెట్టుకునే భంగిమ నాకు తెలుసు. దాంట్లో స్క్రీనూ కీబోర్డూ అతుక్కునే ఉంటాయి కాబట్టి ఒకటి సరిచేస్తే రెండోది చెడుతుంది. కీబోర్డూ మౌసూ విడిగా కొనుక్కుని, ల్యాప్‌టాప్‌ని ఎత్తు మీద పెట్టు. ఫోన్ అంటావా, మోచేతుల కింద దిండు పెట్టుకుని మొహం దగ్గరకి తెచ్చుకో. బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో చెవికీ భుజానికీ మధ్య ఫోన్ ఇరికించి బండి తోలే విద్య మాత్రం మానెయ్, దణ్ణం పెడతా.

సెలూన్లో క్షవరం అయ్యాక మెడ పటుక్కుమనిపిస్తారే, అదీ వద్దు. మెడలో మెదడుకెళ్లే రక్తనాళాలుంటాయి, చిరిగితే ప్రమాదం. చేతివేళ్లు తిమ్మిరెక్కినా, చెయ్యి పట్టు తప్పినా డాక్టర్‌కి చూపించు.

మేలో యార్డుకి సెలవులిస్తే వస్తా. ఆ పద్దుల పుస్తకాలు ఖాళీగానే ఉన్నాయి, నీ ల్యాప్‌టాప్ కింద పెట్టడానికి తెస్తా.

నీ
రాంబాబు