అలారం గొంతు మాత్రం నొక్కొద్దు

ఒరేయ్ శీనూ,

అసోసియేషన్ సెక్రటరీ అయ్యావో లేదో ఫైర్ అలారం నీ మెడకు చుట్టుకుందన్నమాట. అది ఊరికే మోగుతోందనడం కన్నా, వాచ్‌మన్ చూడకుండానే సైలెన్స్ బటన్ నొక్కేస్తున్నాడని రాశావు చూడు, నన్ను భయపెట్టింది అదీ. హూటర్ల వైర్లు పీకేద్దామని మీటింగులో ఎవరన్నా ఒప్పుకోకు. రాత్రి పూట నిజంగా మంట లేస్తే పై అంతస్తుల్లో నిద్రపోయే వాళ్ళకి అదొక్కటే దిక్కు.

ముందు అలారం ప్యానెల్ పక్కన, అదే డిటెక్టర్లన్నీ కలిసే ఆ కంట్రోల్ పెట్టె పక్కన, ఒక నోటుబుక్కు పెట్టించు. మోగిన టైము, ఏ డిటెక్టర్, అప్పుడు అక్కడ ఏం జరుగుతోంది, అంతే రాయాలి. మీది అడ్రసబుల్ ప్యానెల్ అయితే డిటెక్టర్ నంబరు తెర మీదే కనబడుతుంది, పాతవి ఈవెంట్ లాగ్‌లో దొరుకుతాయి. కన్వెన్షనల్ అయితే జోన్ వరకే, అంటే బిల్డింగులో ఏ భాగమో అంతవరకే చెబుతుంది. అలాంటప్పుడు రీసెట్ కొట్టకముందే ఆ జోన్‌లో తిరిగి, ఎర్ర లైటు వెలుగుతున్న డిటెక్టర్ ఏదో పట్టుకోవాలి. రీసెట్ చేశాక లైటు ఆరిపోతుంది, ఇక ఏది మోగించిందో తేలదు. కొన్నాళ్ళు రాస్తే సాధారణంగా అవే రెండు మూడు డిటెక్టర్లు పదేపదే బయటపడతాయి.

వంటల వేళ మోగేవాటికి మన పోపులే కారణం. ఎండుమిర్చి మాడి ఘాటెక్కగానే వీధి తలుపు బార్లా తీస్తారు, పొగంతా కారిడార్లోకి వచ్చి అక్కడి స్మోక్ డిటెక్టర్‌కి తగులుతుంది. వీధి తలుపు మూసే ఉంచి బాల్కనీ తలుపు, కిటికీ తెరవమని ఇంటింటికీ చెప్పు. చిమ్నీ ఫిల్టర్లు జిడ్డు పట్టి ఉంటే పొగ లాగవు, అదీ చెప్పు. వంటింట్లోనే స్మోక్ డిటెక్టర్ ఉంటే తీయించి హీట్ డిటెక్టర్ పెట్టించు. 57 డిగ్రీల దగ్గర పనిచేసే రకం మామూలుగా దొరుకుతుంది. స్మోక్ డిటెక్టర్ పొయ్యికి కనీసం 3 మీటర్లు, బాత్‌రూమ్ తలుపుకి కనీసం 1 మీటరు దూరంగా ఉండాలి.

ఆవిరికి కూడా ఎందుకు మోగుతుందంటావేమో. ఆప్టికల్ డిటెక్టర్, అంటే వెలుతురుతో పొగను పట్టే రకం, దాని లోపల వెలుతురు చొరని చిన్న గది ఉంటుంది. అందులోని పరారుణ కిరణాలను పొగ రేణువులు చెదరగొట్టినప్పుడు సెన్సర్ పసిగడుతుంది. దుమ్ము, నీటి ఆవిరి, సాంబ్రాణి, దోమల మందు స్ప్రే, లోపల దూరిన సాలీడు, దానికి అన్నీ ఒకటే.

అందుకే ఇంటీరియర్ పనులంటే నాకు హడల్. టైల్స్ కోత, పుట్టీ రుద్దడం మొదలయ్యే ముందే నీకు చెప్పి తీరాలని రూలు పెట్టు. ఆ పని దగ్గరున్న డిటెక్టర్లకే మూతలు తొడిగి, ప్యానెల్‌లో వాటినే ఐసొలేట్ చేయించు, అంటే కాసేపు పనిచేయకుండా ఆపించు. అంతస్తు మొత్తం వద్దు. సాయంత్రం పని ఆగగానే ఎన్ని మూతలు తొడిగారో అన్నీ లెక్కబెట్టి తీయించి, ఐసొలేషన్ ఎత్తేయాలి. ఇది మర్చిపోవడమే అసలు ప్రమాదం. వెల్డింగ్ ఉంటే ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పట్టుకుని ఒక మనిషి అక్కడే ఉండాలి.

ఆరు నెలలకోసారి డిటెక్టర్లను మెత్తని బ్రష్ ఉన్న వాక్యూమ్‌తో శుభ్రం చేయించి, టెస్ట్ స్ప్రేతో పరీక్ష పెట్టమను. అగరుబత్తితో వద్దు, లోపల మసి పట్టేస్తుంది. వానాకాలంలోనే మోగేదైతే పైన స్లాబు కారుతోందేమో చూడు. డిటెక్టర్‌ను బిగించిన బేస్‌లోకి నీళ్ళు దిగుతుంటే డిటెక్టర్ మార్చినా లాభం లేదు. పిల్లలు ఊరికే నొక్కే కాల్ పాయింట్లకు, అదే మంట చూసినవాళ్ళు చేత్తో నొక్కి అలారం మోగించే పెట్టెలకు, ఎత్తి తెరిచే పారదర్శక మూత చాలు, తాళం వేయకూడదు.

ఇక ప్యానెల్‌లో డిలే సంగతి. మొదటి డిటెక్టర్ పసిగట్టగానే సెక్యూరిటీ గదిలో మాత్రమే బజర్ మోగి, చూసి రావడానికి రెండు మూడు నిమిషాలు ఇచ్చేలా పెట్టొచ్చు. రెండో డిటెక్టర్ పట్టుకున్నా, ఎవరైనా కాల్ పాయింట్ నొక్కినా ఆగకుండా అన్ని హూటర్లూ మోగాలి. ఫైర్ అధికారి అనుమతితో, ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు) ఇంజినీరు చేతే చేయించు. రాత్రి గేటు దగ్గర ఒక్కడే ఉంటే మాత్రం ఈ డిలే జోలికి పోవద్దు. పైకెళ్ళి చూసే మనిషి లేకపోతే ఆ నిమిషాలు మంటకిచ్చినట్టే.

మీ ప్యానెల్ ఏ రకమో, వంటిళ్ళలో ఏ డిటెక్టర్లున్నాయో చూసి రాయి. నోటుబుక్కు పేజీలు నిండుతుంటే ఫోటోలు పంపు, కలిసి చూద్దాం.

నీ
మూర్తి