ఐపీ పెట్టిన రైతుకూ బయటపడే దారి ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

మన ప్రాంతంలో ‘ఐపీ (దివాలా పిటిషన్) పెట్టాడు’ అంటే అప్పు ఎగ్గొట్టాడనే అర్థం. ఏళ్ల తరబడి ఈ పిటిషన్లు దాఖలు చేస్తున్న న్యాయవాదిగా ఆ మాట నన్ను బాధిస్తుంది.

కంపెనీ అప్పు తీర్చలేకపోతే 2016 నాటి దివాలా స్మృతి కింద జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్‌కు వెళుతుంది. కేసు ముగించాల్సిన 330 రోజుల గడువు తరచూ దాటిపోతున్నా, బ్యాంకులు బాకీలో కొంత వదులుకోగా ఆ కంపెనీ మరో యజమాని చేతిలో బతికే వీలుంది. వ్యక్తుల కోసం అదే స్మృతిలో రాసిన మూడో భాగాన్ని మాత్రం 2019 డిసెంబరు నుంచి కంపెనీ అప్పులకు హామీ ఉన్నవారికే అమలు చేస్తున్నారు. కిరాణా కొట్టు యజమానికీ, రైతుకూ 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టమే దిక్కు. 500 రూపాయల అప్పున్నా పిటిషన్ వేయవచ్చన్న నిబంధన అందులో నేటికీ ఉంది.

ఆ మధ్య మిర్చి వేసి నష్టపోయిన ఒక కౌలు రైతు నా దగ్గరకు వచ్చారు. ప్లాస్టిక్ సంచిలోంచి పురుగుమందుల కొట్టు చీటీలు, నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీకి రాసిచ్చిన ప్రోనోట్ల మీద వచ్చిన లాయరు నోటీసులు తీసి బల్లపై పరిచారు. వాటిలో బ్యాంకు అప్పు ఒక్కటీ లేదు కనుక ఏ రుణమాఫీ ఆయన్ని చేరలేదు. ‘జైల్లో వేస్తారాండీ?’ అన్నదే ఆయన మొదటి ప్రశ్న.

దివాలాదారుగా కోర్టు ప్రకటించినంత మాత్రాన అప్పు పోదు. ఆస్తి కోర్టు నియమించే రిసీవరు చేతికి వెళుతుంది. ఆ తర్వాత కోర్టు చెప్పిన గడువులోగా అప్పుల నుంచి విముక్తి కోసం మరో దరఖాస్తు పెట్టుకోవాలి. పెట్టుకోకపోతే ఆ ప్రకటనే రద్దయి, అప్పులవాళ్లు మళ్లీ గడప తొక్కుతారు. ఈ సంగతి తెలియక మధ్యలోనే ఆగిపోయినవారిని నేను చూశాను. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ రైతు బతుకుతెరువుకు అవసరమైన పనిముట్లను, పశువులను, విత్తనాలను జప్తు నుంచి మినహాయించిందని కూడా చాలామందికి తెలియదు.

మూడో భాగాన్ని అందరికీ అమలు చేయాలని కేంద్రాన్ని కోరుతున్నాను. అయితే ఉన్నదున్నట్టుగా తెస్తే ప్రయోజనం లేదు. చిన్న అప్పులవారికి పూర్తి విముక్తినిచ్చే ‘కొత్త ఆరంభం’ పద్ధతికి అర్హత ఏటా 60,000 రూపాయల లోపు ఆదాయం, 35,000 రూపాయల లోపు అప్పు. ఒక్క ఎకరం మిర్చి పెట్టుబడికైనా ఆ మొత్తం సరిపోదు. అమెరికాలో రైతు కుటుంబాలకు 1986లోనే దివాలా చట్టంలో 12వ అధ్యాయం పేరిట విడి విధానం తెచ్చారు. మనమూ వాయిదాలను పంట చేతికొచ్చే కాలానికి ముడిపెట్టి, ప్రోనోటు అప్పులను కూడా లెక్కలోకి తీసుకునే విధానాన్ని జిల్లా కోర్టుల్లోనే ఏర్పాటు చేయాలి.

ఇట్లు,
ఒక న్యాయవాది,
పల్నాడు జిల్లా